పెద్ద ప్లాన్‌కి మారేముందు ఇంట్లో వైఫై సంగతి చూసుకోండి

అమెరికాకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఇంటర్నెట్ గురించి అడిగేది దాదాపు ఒకటే, "గిగాబిట్ ప్లాన్ తీసుకున్నామండీ, అయినా పైన బెడ్‌రూమ్‌లో వీడియో కాల్ ఆగిపోతోంది, ఇంకా పెద్ద ప్లాన్‌కి మారమంటారా" అని. మారొద్దు. చాలా ఇళ్ళల్లో స్పీడు గుమ్మందాకా బాగానే వస్తుంది, అక్కడినుంచి మీ లాప్‌టాప్ దాకా వచ్చేలోపే పోతుంది. నలుగురున్న ఇంట్లో ఇద్దరు ఇంటినుంచే ఆఫీసు పని చేసుకుంటూ పిల్లలు టీవీ చూస్తున్నా సరే 300 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు, గిగాబిట్ అంటే ఇవి 1000) చాలు అని నా గట్టి అభిప్రాయం, 4కే లో సినిమా చూడ్డానికి నెట్‌ఫ్లిక్స్ అడిగేదే 15 ఎంబీపీఎస్ మరి.

ముందు స్పీడు ఎక్కడ పోతోందో తేల్చుకోండి. లాప్‌టాప్‌ని ఈథర్నెట్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి పెట్టి, ఆఫీసు వీపీఎన్ ఆపేసి (ఇది చాలామంది మర్చిపోతారు), ఫాస్ట్ డాట్ కామ్‌లో చూడండి. అక్కడ ప్లాన్ స్పీడు వచ్చిందంటే కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు, సమస్య మీ వైఫైదే. సరిగ్గా 94 దగ్గర ఆగిపోతోందంటే అది గిగాబిట్‌కి బదులు 100 ఎంబీపీఎస్‌లోనే నడుస్తున్న లింకు, కేబుల్లో ఉన్న ఎనిమిది వైర్లలో ఏదో తెగుంటుంది లేదా ఎక్కడో పాత పోర్టు ఉంటుంది, ముందు కేబుల్ మార్చి చూడండి, క్యాట్ 5ఈ అయినా చాలు, 100 మీటర్లదాకా గిగాబిట్ మోస్తుంది. కేబుల్ కంపెనీ కనెక్షన్ అయితే గోడలోంచి వచ్చే కోయాక్స్, అంటే కేబుల్ టీవీ వైరుకి పాత ఓనర్లు రెండు మూడు టీవీల కోసం పెట్టుకున్న స్ప్లిటర్లు (ఒక లైనుని రెండు మూడుగా చీల్చేవి) అలాగే ఉండిపోతాయి, ఒక్కోదాని దగ్గర కొంత సిగ్నల్ తగ్గుతుంది, అక్కర్లేనివి తీసెయ్యండి.

ఇక రౌటర్ పెట్టే చోటు. డాలస్ వైపు ఫ్రిస్కో, ప్రాస్పర్ లాంటి ఊళ్ళలో కొత్త ఇళ్ళు కొన్నవాళ్ళు మాస్టర్ బెడ్‌రూమ్ క్లోజెట్లో బట్టల వెనకాల గోడలో ఒక రేకు డబ్బా ఉందేమో చూడండి. ఇంటి వైర్లన్నీ అక్కడికే వస్తాయి కాబట్టి రౌటర్ కూడా అందులోనే పెట్టేసి మూత వేసేస్తారు, వైఫై రేకు దాటి రాలేక ఇల్లంతా నీరసంగా ఉంటుంది. రౌటర్‌ని డబ్బాలోంచి తీసి బయట అరలో పెట్టండి, డబ్బాలో ఒక గిగాబిట్ స్విచ్ (ఒక వైరుని చాలా పోర్టులకి పంచేది) పెట్టి దాన్ని రౌటర్‌కి కలిపి, గదులకి వెళ్ళే వైర్లన్నీ ఆ స్విచ్‌లో పెట్టండి. స్విచ్ ఎప్పుడూ రౌటర్ తర్వాతే, మోడెమ్‌కి (బయటి లైను వచ్చి చేరే డబ్బా) నేరుగా పెడితే కుదరదు, మామూలు ఇంటి కనెక్షన్‌కి ఇచ్చేది ఒక్క ఐపీ అడ్రసే, దాన్ని ఇంట్లో అన్నిటికీ పంచేది రౌటరే. కొన్ని ఇళ్ళల్లో ఆ వైర్ల చివర ప్లగ్గులు కూడా ఉండవు, ఊరికే వేలాడుతుంటాయి, ప్లగ్గులు పెట్టించుకోండి. బిల్డర్ గోడల్లో వేసిన వైర్లకి మీరు ఇంటితోపాటే డబ్బు కట్టారు, వాడుకోకపోతే ఎలా? టీవీ, ఆఫీసు డెస్కు, కదలనిది ఏదైనా వైరుకి పెట్టేస్తే వైఫై ఫోన్లకి మిగులుతుంది.

న్యూజెర్సీ లాంటి చోట్ల పాత ఇళ్ళల్లో ఈథర్నెట్ ఉండదు కానీ గదిగదికీ కోయాక్స్ ఉంటుంది, దానికి మోకా అడాప్టర్లు (కోయాక్స్ మీద ఈథర్నెట్ నడిపించేవి) జతగా కొనండి, ఉన్న కోయాక్స్ మీదే 2.5 గిగాబిట్ల దాకా నడుస్తుంది, ఇంట్లోకి లైను వచ్చే చోట మీ సిగ్నల్ బయటికి పోకుండా మోకా ఫిల్టర్ మాత్రం తప్పకుండా పెట్టాలి. డిష్ టీవీ అదే వైరు మీద ఉంటే ఇది కుదరదు. కరెంటు ప్లగ్గుల్లో పెట్టే పవర్‌లైన్ అడాప్టర్లు నేను ఎవరికీ చెప్పను, ఒక ఇంట్లో పనిచేసింది ఇంకో ఇంట్లో పనిచెయ్యదు.

మెష్ (రెండు మూడు డబ్బాలు కలిసి ఇల్లంతా వైఫై ఇచ్చేది) కొంటే దాని రెండో డబ్బాని సిగ్నల్ రాని గదిలో పెట్టకండి, అక్కడ దానికే సిగ్నల్ అందదు కదా, సగం దూరంలో పెట్టండి, కుదిరితే వైరు ఇవ్వండి, గాలి మీదే నడిస్తే ఒక్కో మజిలీకి స్పీడు సగానికి పడిపోవచ్చు. అపార్ట్‌మెంట్లలో కథ వేరు, అక్కడ దూరం కాదు సమస్య, పక్కింటివాళ్ళ వైఫైలు. వైఫై బ్యాండ్లలో పాతదైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి రాసుకోని చానెళ్ళు 1, 6, 11 మాత్రమే, అందుకే లాప్‌టాప్, టీవీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, మీ ఫోను 6 గిగాహెర్ట్జ్ పట్టేదైతే ఇంకా మంచిది, 2020లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ బ్యాండ్ తెరిచింది, రద్దీ ఇంకా తక్కువ. ఇండియానుంచి రౌటర్ మాత్రం తెచ్చుకోకండి, అక్కడ 12, 13 చానెళ్ళు కూడా వాడతారు, ఇక్కడ మామూలుగా 11 దాకానే.

అమ్మావాళ్ళతో వీడియో కాల్ మధ్యలో బొమ్మ నిలిచిపోతే అప్‌లోడ్ చూడండి. కేబుల్ కనెక్షన్లలో డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ బాగా తక్కువ ఇస్తారు, ఆ టైముకే ఎవరి ఫోనో ఫోటోలు బ్యాకప్ చేస్తుంటే అంతే. రౌటర్లో ఎస్‌క్యూఎం గానీ క్యూఓఎస్ గానీ (ఒక్క పనే లైనంతా ఆక్రమించకుండా చూసే సెట్టింగులు) ఉంటే ఆన్ చెయ్యండి, బ్యాకప్ రాత్రికి పెట్టుకోండి. మీ వీధిలో ఫైబర్ ఉంటే ఆలోచించకుండా మారండి, ఎక్కువగా అప్‌లోడ్ కూడా డౌన్‌లోడంత ఇస్తారు. అయితే మాటకీ జవాబుకీ మధ్య ఆ కాస్త ఆలస్యం ఏ ప్లాన్‌తోనూ పోదు, డాలస్‌నుంచి హైదరాబాద్ 14 వేల కిలోమీటర్ల పైనే, ఫైబర్లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, వెళ్ళి రావడానికే 140 మిల్లీసెకన్లు దాటుతుంది, దానికోసం డబ్బు తగలెయ్యొద్దు.

బిల్లులో మోడెమ్ అద్దె అని ఉందేమో కూడా చూసుకోండి, ఏళ్ళతరబడి కట్టేస్తుంటారు. కేబుల్ అయితే కంపెనీ ఒప్పుకునే మోడెళ్ళ లిస్టు చూసి డాక్సిస్ 3.1 (కేబుల్ ఇంటర్నెట్ ప్రమాణం) మోడెమ్ సొంతంగా కొనుక్కోవచ్చు, సొంతది వాడుతున్నప్పుడు అద్దె వెయ్యకూడదని 2020 చివరినుంచి చట్టమే ఉంది. వాళ్ళ మోడెమ్ తిరిగిచ్చేటప్పుడు సీరియల్ నంబర్ ఫోటో తీసుకుని రసీదు అడిగి తీసుకోండి, ఇవ్వలేదంటూ తర్వాత బిల్లు వస్తే చూపించడానికి అదొక్కటే ఉంటుంది మీ దగ్గర.