థైరాయిడ్ మాత్ర డోసు పెంచుతున్నా టీఎస్‌హెచ్ దిగట్లేదు.. గోధుమ మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34, బరువు 56 కిలోలు. ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా. 50 మైక్రోగ్రాములతో మొదలై ఇప్పుడు 150 దాకా వచ్చింది, అయినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే రక్తంలో పెరిగే హార్మోన్) 11 కిందికి రావట్లేదు. టీపీఓ యాంటీబాడీలు (థైరాయిడ్ మీద సొంత ఇమ్యూనిటీ దాడిని చూపించేవి) పాజిటివ్. ఏడాదిగా ఐరన్ మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ 9 దగ్గరే ఆగిపోయింది. కడుపుబ్బరం, నీరసం, జుట్టు రాలడం ఉన్నాయి. ఈమధ్య మా చెల్లికి సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు) అని తేలింది. గోధుమ మానేస్తే థైరాయిడ్ కూడా పోతుందని నెట్‌లో చదివా, వచ్చే నెల నుంచి మానేద్దామనుకుంటున్నా. రెండో బిడ్డ కోసం ప్లాన్ చేస్తున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: అన్నిటికన్నా ముందు ఒకటే చెప్తా, గోధుమ ఇప్పుడే మానేయకండి అమ్మా. టెస్టు అయ్యేదాకా ఆగండి. ఎందుకో వివరంగా చెప్తాను.

మీరు రాసింది చదవగానే నాకు తేడాగా అనిపించింది డోసు. థైరాయిడ్ గ్రంథి అసలేం పనిచేయని మనిషికి కూడా మామూలుగా కిలో బరువుకి 1.6 మైక్రోగ్రాముల చొప్పున సరిపోతుంది, మీ 56 కిలోలకి లెక్కేస్తే 90 దగ్గర రావాలి. మీరు 150 వేసుకుంటున్నారు, ఇంకా టీఎస్‌హెచ్ 11. అంటే మాత్ర లోపలికి వెళ్తోంది గానీ రక్తంలోకి చేరట్లేదని అనుమానించాలి. ఇలాంటప్పుడు చాలామంది పేషెంట్లు "మాత్ర సరిగ్గా వేసుకోవట్లేదు కదా" అనే మాట పడుతుంటారు, నిజంగా రోజూ వేసుకునేవాళ్లకి ఆ మాట ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. డోసు పెంచుకుంటూ పోయే ముందు ఎందుకు పట్టట్లేదో వెతకాలి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2014 గైడ్‌లైన్స్ కూడా ఇదే చెప్తాయి, అనుకున్నదానికన్నా బాగా ఎక్కువ డోసు కావాల్సి వస్తుంటే కడుపు, పేగుల జబ్బులు ఏమైనా ఉన్నాయేమో చూడమని, ఆ లిస్టులో సీలియాక్ కూడా ఉంది.

ఇక్కడ మీ ఐరన్ సంగతి కూడా కలిసొస్తోంది. సీలియాక్‌లో ఏం జరుగుతుందంటే, గోధుమ, బార్లీ, రై లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తిన్నప్పుడు మన ఇమ్యూనిటీ మన చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడ మీద సన్నగా వేళ్లలా పొడుచుకొచ్చి ఉండే విల్లై అరిగి చదునైపోతాయి, తిన్నది పీల్చుకునే చోటు తగ్గిపోతుంది. ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది చిన్నపేగు మొదటి భాగానికి, ఐరన్ పీల్చుకునేది కూడా అక్కడే. థైరాయిడ్ మాత్ర కూడా చిన్నపేగులోనే పడుతుంది. ఏడాది మాత్రలు మింగినా రక్తం పెరగకపోవడం, థైరాయిడ్ డోసు మూడింతలైనా ఫలితం లేకపోవడం, ఈ రెండూ వేరే వేరే సమస్యలు కాకపోవచ్చు. విరేచనాలు లేవు కదా, సీలియాక్ ఎలా అవుతుంది అని కొందరు కొట్టిపారేస్తారు, కానీ పెద్దవాళ్లలో చాలామందికి విరేచనాలు ఉండనే ఉండవు, తగ్గని రక్తహీనత ఒక్కటే కనిపిస్తుంది, కొందరికైతే మలబద్ధకం కూడా ఉంటుంది. నీరసం, జుట్టు రాలడం రెండు జబ్బుల్లోనూ ఉంటాయి కాబట్టి అన్నీ థైరాయిడ్ ఖాతాలో వేసేస్తారు.

అయితే ఒకటి చూసుకోండి. ఐరన్ మాత్ర ఏ టైంకి వేసుకుంటున్నారో మీరు రాయలేదు. థైరాయిడ్ మాత్రతో పాటు గానీ, కాసేపటికే గానీ ఐరన్, కాల్షియం వేసుకుంటే అవి దాన్ని పట్టేసుకుని లోపలికి పోనివ్వవు, నాలుగు గంటలు తేడా ఉండాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతోనే, తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా వద్దు. గ్యాస్ కోసం రోజూ మాత్ర వాడుతుంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి, కడుపులో యాసిడ్ తగ్గినా ఈ మాత్ర సరిగ్గా పట్టదు.

ఇక సీలియాక్‌కి, మీ థైరాయిడ్‌కి సంబంధం అంటారా, ఉంది. టీపీఓ యాంటీబాడీలు పాజిటివ్ అంటే మీది చాలావరకు హషిమోటో థైరాయిడైటిస్, జపాన్ డాక్టర్ హషిమోటో 1912లో దీన్ని మొదట వివరించారు. అది కూడా సొంత ఇమ్యూనిటీ చేసే దాడే, అక్కడ పేగు, ఇక్కడ థైరాయిడ్. రెండు జబ్బుల్లోనూ డీక్యూ2, డీక్యూ8 లాంటి జీన్స్ పాత్ర ఉంది, అందుకే ఒకటి ఉన్నవాళ్లలో రెండోది రావడం మామూలు జనం కన్నా ఎక్కువ. మామూలుగా వందలో ఒక్కరికి సీలియాక్ ఉంటే ఆటోఇమ్యూన్ థైరాయిడ్ ఉన్నవాళ్లలో వందకి 2 నుంచి 5 మంది దాకా కనిపిస్తుంది. అంటే థైరాయిడ్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి సీలియాక్ ఉండదు, దీన్ని చదివి అందరూ భయపడక్కర్లేదు. కానీ మీ విషయం వేరు, సొంత చెల్లికి ఉంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లకి దాదాపు పదిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది. చెల్లికి తేలిన రోజే మీకు టెస్టు చేయించాల్సింది.

టెస్టు ఏంటంటే టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష, సీలియాక్‌లో పుట్టే ఐజీఏ రకం యాంటీబాడీల కోసం చూసేది, దాంతోపాటు టోటల్ ఐజీఏ తప్పకుండా అడగండి, ఎందుకంటే సీలియాక్ ఉన్నవాళ్లలో వందకి ఇద్దరు ముగ్గురికి ఒంట్లో ఐజీఏ తయారే కాదు, వాళ్లకి జబ్బు ఉన్నా మొదటి టెస్టు నెగెటివ్ చూపిస్తుంది. ఐజీఏ తక్కువ వస్తే ఐజీజీ రకం టెస్టులు చేస్తారు. పాజిటివ్ వస్తే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగంలో నాలుగైదు చోట్ల చిన్న ముక్కలు తీసి చూస్తారు, జబ్బు అక్కడక్కడా ఉండొచ్చు కాబట్టి ఒక్క ముక్క సరిపోదు. ఇప్పుడు గోధుమ మానేస్తే జరిగేది ఇదే, యాంటీబాడీలు దిగిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది, రిపోర్టు నార్మల్ వస్తుంది, మీకు జబ్బు ఉందో లేదో ఎప్పటికీ తేలదు. అప్పుడు తేల్చుకోవాలంటే మళ్లీ ఆరు నుంచి ఎనిమిది వారాలు రోజూ గోధుమ తిని టెస్టుకి వెళ్లాలి, మానేసి హాయిగా ఉన్నవాళ్లకి అది నరకమే.

నెగెటివ్ వస్తే కథ అయిపోయినట్టు కాదు, హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా వల్ల కడుపులో వచ్చే ఇన్ఫెక్షన్, కడుపు పొర పల్చబడటం లాంటివి ఉన్నాయేమో చూడాలి. సీలియాక్ లేకుండా గోధుమ మానేస్తే హషిమోటో తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు, నెట్‌లో ఎంత నమ్మకంగా చెప్పినా సరే.

పాజిటివ్ వస్తే మాత్రం గ్లూటెన్ జీవితాంతం పూర్తిగా మానేయాలి, అప్పుడప్పుడు కొంచెం అంటే కుదరదు. గోధుమపిండి, మైదా, రవ్వ, బ్రెడ్డు, బిస్కెట్లు ఎలాగూ తెలుసు, బార్లీ మాల్ట్ కలిసిన డ్రింకులు, సోయా సాస్ లాంటివే జనం మర్చిపోతారు. లేబుల్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉన్నవే కొనండి, అంటే కిలోలో 20 మిల్లీగ్రాములకి మించి గ్లూటెన్ ఉండకూడదని అర్థం. వరి, మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగిలో గ్లూటెన్ లేదు, గోధుమ ఆడించిన మరలో పట్టించకపోతే చాలు. బీ12, ఫోలేట్, విటమిన్ డి, ఎముకల గట్టిదనం కూడా ఓసారి చూపించుకోండి.

థైరాయిడ్ మాత్ర ఆగిపోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి, దెబ్బతిన్న గ్రంథి తిరిగి రాదు. కానీ పేగు మానేకొద్దీ మాత్ర బాగా పట్టడం మొదలవుతుంది, ఇన్నాళ్లూ చాలని 150 అప్పుడు ఎక్కువైపోతుంది. గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఆగకుండా టీఎస్‌హెచ్ చేయించండి. ఏమీ లేకపోయినా ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చేయించాలి. డోసు మీరే తగ్గించుకోకండి, డాక్టర్ చూసి తగ్గిస్తారు.

బిడ్డ విషయం కొన్ని నెలలు వాయిదా వేయండి, దయచేసి. టీఎస్‌హెచ్ 11తో, హిమోగ్లోబిన్ 9తో గర్భం వస్తే అబార్షన్ రిస్కు పెరుగుతుంది, బిడ్డ ఎదుగుదలకీ మంచిది కాదు. టీఎస్‌హెచ్ 2.5 లోపుకి వచ్చి, రక్తం పెరిగాక ప్లాన్ చేసుకోండి. ఈలోపే నెల తప్పితే థైరాయిడ్ మాత్ర ఆపకుండా అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి, గర్భంలో డోసు సాధారణంగా పెంచాల్సి వస్తుంది. మీకు పాజిటివ్ వస్తే మొదటి బిడ్డకి కూడా రక్తపరీక్ష చేయించండి, ఆ బిడ్డకి కూడా టెస్టు అయ్యేదాకా గోధుమ ఆపొద్దు.