కొరియాలో అమెరికా బీఫ్ కొనొచ్చా? ఆ 30 నెలల రూల్ సంగతేంటి?

మీ ప్రశ్న ఇది: ఉద్యోగం మీద కుటుంబంతో దక్షిణ కొరియాలోని సువాన్‌కి వస్తున్నారు. అమెరికా బీఫ్‌కు మ్యాడ్ కౌ భయం ఉందనీ, అందుకే 30 నెలల లోపు పశువుల మాంసాన్నే కొరియా రానిస్తుందనీ ఎక్కడో చదివారు. చిన్న పిల్లలున్నారు కాబట్టి ఆ మాంసం కొనొచ్చా అని అడిగారు.

కొనొచ్చండి. నేను కొన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. మా ఇంట్లో తింటాం, పిల్లలకూ పెడతాం. ఎందుకు ధైర్యంగా చెబుతున్నానో వివరిస్తాను.

ముందు జబ్బు సంగతి. మ్యాడ్ కౌ అంటే పశువుల మెదడును పాడుచేసే వ్యాధి. బ్రిటన్‌లో పశువుల దాణాలో ప్రోటీన్ కోసమని చనిపోయిన పశువుల మాంసం, ఎముకల పొడి కలిపేవారు. గడ్డి తినే జీవికి దాని జాతి మాంసాన్నే పెట్టారు. వ్యాధి అలా మందల్లో పాకింది. అది మనుషులకూ సోకి ఉండొచ్చని 1996 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం పార్లమెంటులోనే ఒప్పుకుంది. దీనికి కారణమైన ప్రియాన్ అనే ప్రోటీన్ ఎంత ఉడికించినా నాశనం కాదు. కాబట్టి "బాగా ఉడికిస్తే సరిపోతుంది" అన్న మాట ఇక్కడ పనికిరాదు. పశువుకు ఏ దాణా పెట్టారు, కోసేటప్పుడు ఏ భాగాలు తీసేశారు, అసలు రక్షణ ఈ రెండింటిలోనే ఉంది. అమెరికా 1997లోనే పశువుల దాణాలో అలాంటి పొడిని నిషేధించింది. మెదడు, వెన్నుపాము, కళ్లు, టాన్సిల్స్, చిన్నపేగు చివరి భాగం లాంటివాటిలో ప్రియాన్ చేరుతుంది. 30 నెలలు దాటిన పశువుల్లో వీటన్నిటినీ, ఏ వయసు పశువులోనైనా టాన్సిల్స్, చిన్నపేగు చివరి భాగాన్నీ కబేళాలోనే వేరుచేసి పారేయాలన్నది రూల్.

30 నెలలు ఎందుకంటే, వ్యాధి సోకినా ప్రియాన్ మెదడులో, వెన్నుపాములో పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. లేత పశువుల్లో అది బయటపడిన కేసులు చాలా అరుదు. మరి పుట్టిన తేదీ కాగితం లేని పశువు వయసు ఎలా తెలుస్తుంది? పళ్లు చూసి. మన దగ్గర ఎడ్ల పందేల్లో రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం అని పెడతారు కదా, అమెరికా కబేళాల్లో ఇన్‌స్పెక్టర్లు చూసేదీ అదే. రెండో జత శాశ్వత పళ్లలో ఒక్కటి చిగురు దాటి కనిపించినా 30 నెలలు దాటిన పశువు కింద లెక్కేసి పక్కకు పెడతారు. అక్కడ మాంసం కోసమే పెంచే పశువుల్లో ఎక్కువ భాగం రెండేళ్లు నిండే సరికే కోతకు వెళ్తాయి. ముసలివి ఎక్కువగా పాలు తగ్గిన పాడి ఆవులు, ఈతకు పనికిరాని తల్లి ఆవులే. అందుకే ఈ రూల్ వల్ల అమెరికాకు పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం. ఇంత గట్టి రూల్ ఉండగానే కొరియా అమెరికా బీఫ్‌కు అతి పెద్ద మార్కెట్లలో ఒకటైంది.

ఈ రూల్ ఊరికే రాలేదు. 2003 డిసెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పాడి ఆవుకు వ్యాధి బయటపడగానే కొరియా దిగుమతి ఆపేసింది. 2006లో ఎముక లేని మాంసానికి మాత్రం తలుపు తెరిచింది. వచ్చిన లాట్లలో చిన్న ఎముక ముక్కలు కనపడేసరికి తిప్పి పంపేసింది. 2008 ఏప్రిల్‌లో అధ్యక్షుడు లీ మ్యుంగ్ బాక్ ప్రభుత్వం వయసు పరిమితి దాదాపు ఎత్తేసే ఒప్పందం చేసుకుంది. జనం మండిపడ్డారు. స్కూలు పిల్లలు కొవ్వొత్తులతో మొదలుపెడితే, స్ట్రోలర్లలో పసిపిల్లలతో తల్లులు కూడా రాజధాని సియోల్ వీధుల్లోకి వచ్చారు. జూన్ 10న వాళ్లను ఆపడానికి పోలీసులు షిప్పింగ్ కంటైనర్లు అడ్డంగా పేర్చారు. మా టీమ్‌లో ఒక సీనియర్ అప్పుడు హైస్కూల్లో చదివేవారట. "స్కూల్ భోజనంలో ఏం పెడతారో మాకు ఎవరూ చెప్పలేదు, అందుకే వెళ్లాం" అన్నారు. ఆ రోజుల్లో టీవీలో, ఇంటర్నెట్‌లో ప్రచారమైన కొన్ని మాటలు అతిశయోక్తులే, నిజం. కానీ తమ కంచంలోకి వచ్చేది ఏమిటో అడిగే హక్కు వాళ్లకుంది. చివరికి 30 నెలల లోపు మాంసమే పంపుతామని ఎగుమతిదారులు ఒప్పుకున్నారు.

మీకు రోజూ పనికొచ్చేది లేబుల్. సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ మీద "మిగుక్‌సాన్" అంటే అమెరికాది, "హోజుసాన్" అంటే ఆస్ట్రేలియాది, "హనూ" అంటే కొరియా సొంత జాతి పశువుది. దాని కిందే 12 అంకెల నంబర్ ఉంటుంది. ఫోన్‌లో కొట్టి చూడండి. హనూ అయితే ఆ పశువు ఎప్పుడు పుట్టింది, ఎక్కడ కోశారు అన్నదాకా వస్తుంది. దిగుమతి మాంసానికీ ఇలాంటి నంబరే ఉంటుంది. హోటళ్లలో గోడ మీద ఒక పట్టిక వేలాడుతుంటుంది: బీఫ్ ఏ దేశానిది, బియ్యం ఎక్కడిది, కిమ్చీలో కారం ఎక్కడిది. చిన్న హోటలైనా బీఫ్ ఏ దేశానిదో చెప్పి తీరాలి. పిల్లల స్కూల్ మెనూలో కూడా రాస్తారు. కొత్తలో ఆ పట్టిక ఫోటో తీసి ట్రాన్స్‌లేటర్‌లో పెట్టి చదివేవాళ్లం, ఇప్పుడు చూపు దానంతట అదే అటు పోతుంది.

బీఫ్ తినని మన వాళ్లకు ఒక మాట. ముక్కలు కనపడకపోయినా కొన్ని సూప్‌లు బీఫ్ మరిగించిన నీళ్లతోనే చేస్తారు. ముఖ్యంగా త్తొక్కుక్ (బియ్యప్పిండి ముక్కల సూప్), మియొక్కుక్ (సముద్రపు నాచు సూప్) తీసుకునే ముందు అడగండి.

2012లో కాలిఫోర్నియాలో మరో కేసు వచ్చినప్పుడు కొరియా దిగుమతి ఆపలేదు, తనిఖీలు పెంచింది. 2025 వాణిజ్య చర్చల్లో ఈ వయసు పరిమితి తీసేయమని అమెరికా ఒత్తిడి తెచ్చినా కొరియా ఒప్పుకోలేదు. ఒకప్పటి 40 శాతం సుంకం 2012 నుంచి ఏటా తగ్గుతూ 2026కి సున్నా అయింది. సుంకం పోయినా రూల్ అలాగే ఉంది.

ధర విషయానికొస్తే హనూ చాలా ఖరీదు. కూర వండుకోవడానికి మేం ఆస్ట్రేలియాది గానీ అమెరికాది గానీ ఏది తాజాగా ఉంటే అది తెస్తాం.

ఇంకొకటి, వచ్చేటప్పుడు అమ్మ పెట్టిన మటన్ పచ్చడో, చికెన్ పచ్చడో సూట్‌కేస్‌లో పెట్టుకోకండి. ఇండియా నుంచి మాంసం పదార్థాలు తేనివ్వరు. చెప్పకుండా తెచ్చి దొరికితే జరిమానా గట్టిగా ఉంటుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి లాంటివి తెచ్చుకోండి. అవి కూడా గాలి చొరకుండా ప్యాక్ చేయించి, లేబుల్ ఉంచండి.