ఫార్మాస్యూటికల్ ఇంజినీరింగ్‌లో చేర్పించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. వచ్చిన ఎప్‌సెట్ (పాత ఎంసెట్) ర్యాంకుకు మంచి కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు కష్టమంటున్నారు. కెమిస్ట్రీ అంటే ఇష్టం కాబట్టి బీటెక్ ఫార్మాస్యూటికల్ ఇంజినీరింగ్‌కు ఆప్షన్ పెడతానంటోంది. బీఫార్మసీ అయితే కనీసం మందుల షాపైనా పెట్టుకోవచ్చని బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, సిద్దిపేట

జవాబు: మీ బంధువులు చెప్పినదాంట్లో నిజం ఉంది కనుక ముందుగా దానినే తేల్చుకుందాం. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం, మందుల షాపులో మందులిచ్చే ఫార్మసిస్టుగా రిజిస్టర్ కావాలంటే ఫార్మసీ కౌన్సిల్ ఆమోదించిన డీఫార్మసీ, బీఫార్మసీ వంటి కోర్సు చదివి ఉండాలి. ఫార్మాస్యూటికల్ ఇంజినీరింగ్ బీటెక్ ఆ కోవలోకి రాదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి కూడా నిబంధనలు ఫార్మసీ, ఫార్మాస్యూటికల్ సైన్సెస్ లేదా వైద్యశాస్త్రంలో డిగ్రీనే అడుగుతాయి. మీ అమ్మాయి మనసులో ఈ రెండింటిలో ఏది ఉన్నా ఆలోచించకుండా బీఫార్మసీలో చేర్పించండి.

ఆ ఆలోచన లేకపోతే, మీరు చూడవలసినది ఆమెకు కెమిస్ట్రీ ఇష్టమా కాదా అన్నది ఒక్కటే కాదు. ఈ కోర్సులో రసాయనశాస్త్రం ఎంత ఉంటుందో, లెక్కలూ భౌతికశాస్త్రమూ అంతకు తక్కువ కాకుండా ఉంటాయి. ప్రయోగశాలలో అయిదు లీటర్ల ఫ్లాస్కులో చక్కగా జరిగిన చర్యను ప్లాంట్‌లో అయిదు వేల లీటర్ల రియాక్టర్‌లో జరిపించడం ఎలాగన్నది ఈ చదువుకు కేంద్రమైన ప్రశ్న. పాత్ర ఆకారం మారకుండా పరిమాణం వెయ్యి రెట్లు పెరిగితే దాని ఉపరితలం వంద రెట్లే పెరుగుతుంది. అంటే ఒక్కో లీటరు ద్రవానికి, వేడిని బయటికి పంపడానికి దొరికే గోడ పదో వంతుకు పడిపోతుంది. ఫ్లాస్కులో ఐసు పెట్టి అదుపు చేసిన వేడి రియాక్టర్‌లో అదుపు తప్పవచ్చు. తప్పకపోయినా, పదార్థం ఎక్కువసేపు వేడిలో ఉండిపోయి, అక్కర్లేని మలినాలు తయారై బ్యాచ్ మొత్తం పనికిరాకుండా పోవచ్చు. కలపడం, స్ఫటికీకరణ, వడపోత, ఆరబెట్టడం, పొడి చేయడం, గుళికలుగా మార్చడం, ఇలా ప్రతి దశలోనూ ఇటువంటి చిక్కే మరో రూపంలో ఎదురవుతుంది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా ప్లాంట్‌లో ద్రావకం లీకై జరిగిన పేలుడులో 17 మంది మరణించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ప్లాంట్‌లో ప్రమాదాలు జరగకుండా చూసే ప్రాసెస్ సేఫ్టీ అనే సబ్జెక్టును పరీక్ష కోసం చదివి వదిలేయకూడదని ఈ కోర్సు విద్యార్థులకు ప్రత్యేకంగా చెప్పవలసిన పని లేదు.

మందుల విద్య, ఇంజినీరింగ్ రెండూ ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుందో మన ప్రాంతానికి తెలుసు. డాక్టర్ కల్లం అంజిరెడ్డి బొంబాయిలో ఫార్మాస్యూటికల్స్, ఫైన్ కెమికల్స్ చదివి, పుణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేసి, హైదరాబాద్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన తరువాత 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, జడ్చర్ల, విశాఖ దగ్గరి పరవాడ వంటి చోట్ల ఉన్న ప్లాంట్లను బట్టి చూస్తే, ఉద్యోగం కోసం మరీ దూరం పోవలసిన అవసరం మీ అమ్మాయికి ఉండదు.

అయితే నాకు గట్టిగా చెప్పాలనిపించే మాట ఒకటుంది. అదే ర్యాంకుకు మంచి కాలేజీలో కెమికల్ ఇంజినీరింగ్ దొరికితే దానినే ముందు ఆప్షన్‌గా పెట్టండి. కెమికల్ చదివినవారు ఫార్మాలోకి సులువుగా రాగలరు. ఫార్మాస్యూటికల్ ఇంజినీరింగ్ చదివినవారు పెట్రోకెమికల్స్, ఎరువులు, పెయింట్ల వైపు పోవాలంటే మాత్రం ప్రతిచోటా తమ డిగ్రీ ఏమిటో వివరించుకోవాలి. చట్టం దగ్గరా ఇదే ఇబ్బంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో, మందుల తయారీని పర్యవేక్షించే సాంకేతిక సిబ్బందిగా ఫార్మసీ పట్టభద్రులకు 18 నెలల అనుభవం, కెమికల్ ఇంజినీరింగ్ లేదా కెమికల్ టెక్నాలజీ పట్టభద్రులకు మూడేళ్ల అనుభవం ఉండాలని రాశారు. ఆ జాబితాలో ఫార్మాస్యూటికల్ ఇంజినీరింగ్ పేరు విడిగా లేదు. దీనివల్ల ఉద్యోగాలు ఆగిపోవు, ఎందుకంటే ప్రొడక్షన్, ప్రాసెస్ డెవలప్‌మెంట్, టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ (ల్యాబ్ పద్ధతిని ప్లాంట్‌కు అందించడం), వాలిడేషన్ (పద్ధతి ప్రతిసారీ సరిగా పనిచేస్తుందని రుజువు చేయడం) విభాగాల్లో చేరడానికి ఆ జాబితాలోని అర్హత అవసరం లేదు. పై హోదాకు వెళ్లేటప్పుడు మాత్రం ఈ విషయం ఎదురుకావచ్చు.

పై చదువులకు దారులు మూసుకుపోలేదు. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో ఈ శాఖకంటూ పేపర్ లేదు కనుక చాలామంది కెమికల్ పేపరే రాస్తారు. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ నైపర్‌లోనూ, అమెరికాలో ఫార్మా కంపెనీలకు పేరుపడిన న్యూజెర్సీలోని విశ్వవిద్యాలయాల్లోనూ పీజీ అవకాశాలున్నాయి. ఆ సంవత్సరపు నోటిఫికేషన్‌లో ఈ బీటెక్ డిగ్రీని అర్హతగా పేర్కొన్నారో లేదో చదివిన తరువాతే దరఖాస్తు చేయాలి.

జీతం గురించి మీరు అడగలేదు కానీ చెప్పడం నా బాధ్యత. మొదట ట్రైనీగానే తీసుకుంటారు, సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులతో పోల్చుకుంటే కొన్నేళ్లపాటు నిరాశ తప్పదు. ప్లాంట్ మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. అమ్మాయిలను క్వాలిటీ విభాగానికే పంపే అలవాటు ఇంకా చాలా చోట్ల ఉంది. మీ అమ్మాయి ప్రొడక్షన్‌లోకే వెళ్లాలనుకుంటే, ఇంటర్వ్యూలో ఆ మాట తానే అడగాలి, ఇంట్లో మీరు దానికి అడ్డు చెప్పకూడదు.

ఇక ఆప్షన్లు పెట్టేముందు ఇద్దరూ కలిసి ఒకసారి కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూడండి. ఫ్లూయిడ్ బెడ్ డ్రయ్యర్ (వేడిగాలితో ఆరబెట్టే యంత్రం), గ్రాన్యులేటర్ (పొడిని గుళికలుగా మార్చేది), టాబ్లెట్ ప్రెస్, చిన్న రియాక్టర్ ఉన్నాయా, విద్యార్థులు వాటిని తమ చేతులతో నడుపుతారా అని అడగండి. గత రెండు బ్యాచ్‌లవారు ఏ కంపెనీలో, ఏ విభాగంలో చేరారో కాగితం మీద చూపించమనండి, ఎందుకంటే ప్లేస్‌మెంట్ అని చెప్పే వాటిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు కూడా కలిసి ఉంటాయి. ఆ వివరాలు చూపించడానికి వెనకాడే కాలేజీ అయితే, ర్యాంకు అనుమతించినా దానిని జాబితాలో కిందికి జరపండి.