అక్కకు కీమో నడుస్తుంటే తమ్ముడికి టీకాలు వేయించొచ్చా?

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. బ్లడ్ క్యాన్సర్‌కు కీమో నడుస్తోంది, టీకాలు ఆపమన్నారు. ఏడాదిన్నర బాబుకు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది), చికెన్‌పాక్స్ టీకాలు బాకీ ఉన్నాయి. వేయిస్తే వాడి నుంచి పాపకు అంటుకుంటుందని ఇంట్లోవాళ్లు భయపెడుతున్నారు. ఏం చేయాలి? - ఒక తల్లి

జవాబు: బాబుకు తప్పకుండా వేయించండమ్మా. వాడికి తట్టు వస్తే పాపను కాపాడుకోవడం చాలా కష్టం, ఎందుకంటే ఆ వైరస్ రోగి వెళ్లిపోయాక కూడా గది గాలిలో 2 గంటల వరకు ఉండగలదు. ఎంఎంఆర్ టీకా వేయించుకున్న బాబు నుంచి పాపకు ఏమీ సోకదు. చికెన్‌పాక్స్ టీకా తర్వాత బాబు ఒంటిమీద పొక్కులు లేస్తే మాత్రం, అవి ఎండేదాకా ఇద్దరినీ విడిగా పడుకోబెట్టండి. పోలియో చుక్కలు వద్దు. అందులోని వైరస్ కొన్ని వారాలపాటు మలంలో బయటికి వస్తుంది కాబట్టి వాడికి పోలియో ఇంజెక్షనే వేయమని అడగండి. ఇంట్లో పెద్దవాళ్లు ఏటా ఫ్లూ ఇంజెక్షన్ తీసుకోవాలి.

ఇక పాప సంగతి. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాల్లో ఉండేది బలహీనపరిచిన వైరసే అయినా, కీమోలో ఉన్న పిల్లల్లో దాన్ని అదుపు చేసే కణాలు సరిపడా ఉండవు, అందుకే ఇప్పుడు వేయరు. ఫ్లూ ఇంజెక్షన్ అలాంటిది కాదు, ఎప్పుడు వేయాలో మీ ఆంకాలజిస్టును (క్యాన్సర్ డాక్టర్‌ను) అడగండి. కీమో వల్ల పాత టీకాల రక్షణ కూడా తగ్గిపోవచ్చు కాబట్టి, చికిత్స ముగిశాక సాధారణంగా 3 నుంచి 6 నెలలకు మళ్లీ మొదలుపెడతారు. మూలకణ మార్పిడి (బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ లాంటిది) జరిగితే లెక్క వేరు, టీకాలన్నీ మొదటి నుంచి వేయాలి, లైవ్ టీకాలకు కనీసం 2 ఏళ్లు ఆగాలి.

నాకు ఎక్కువ టెన్షన్ తెప్పించేది ఇంకొకటుంది. పక్కింటి పిల్లాడికి చికెన్‌పాక్స్ వచ్చిందని తెలిసినా, 'మన పాపకు పొక్కులు లేస్తే చూద్దాంలే' అని ఆగిపోతారు. అలా ఆగొద్దు. పొక్కులు రాకముందు ఒకటి రెండు రోజుల నుంచే అది అంటుకుంటుంది. పాప దగ్గరగా మెలిగిందని తెలిసిన రోజే ఆసుపత్రికి ఫోన్ చేయండి, యాంటీబాడీల ఇంజెక్షన్ (వైరస్‌ను అడ్డుకునే రెడీమేడ్ రక్షణ) పాప అలా మెలిగిన రోజు నుంచి చికెన్‌పాక్స్‌కైతే 10 రోజుల్లోపు, తట్టుకైతే 6 రోజుల్లోపు పడాలి, ఎంత తొందరగా పడితే అంత మంచిది. పాప స్కూలుకు వెళ్తుంటే టీచర్‌కు కూడా ఈ సంగతి ముందే చెప్పిపెట్టండి. ఇలాంటి పిల్లల్లో తట్టు ఒక్కోసారి దద్దుర్లు లేకుండానే నేరుగా న్యుమోనియాగా బయటపడుతుంది, కాబట్టి ఒళ్లంతా శుభ్రంగా ఉంది కదా అని ధీమా పడొద్దు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకుండా, అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి బయల్దేరండి.