ఆ ఇంటి పిల్లాడికి అమ్మ, మరి నాకు?

ప్రశ్న: ఎం.ఏ. హిస్టరీ చదువుతున్నాను. అక్బర్‌ను పెంచిన దాదుల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. నాన్న అప్పులు చేసి పోయారు. నాకు మూడేళ్లప్పుడు అమ్మ ఒక పెద్దింట్లో ఆయాగా చేరింది. అక్కడే ఉండేది, నెలకోసారి వచ్చేది. నన్ను అమ్మమ్మ పెంచింది. ఆ ఇంటి అబ్బాయి ఇప్పటికీ ఫోన్ చేస్తే అమ్మ ముఖం వెలిగిపోతుంది. సంక్రాంతికి దాని మీదే గొడవై మాటలు మానేశాం. మాహమ్ అంగా కథ దగ్గరికి రాగానే ఏడుపొచ్చి రాయలేకపోతున్నాను. టాపిక్ మార్చుకోనా?

జవాబు: మార్చక్కర్లేదమ్మా. ఏ టాపిక్ తీసుకున్నా ఈ ఏడుపు మీతోనే వస్తుంది.

మాహమ్ అంగా దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు? ఆమె అక్బర్‌ను పెంచింది, దర్బారులో చక్రం తిప్పింది, 1561లో ఢిల్లీ పురానా ఖిలా ఎదురుగా మసీదు కట్టించింది. మరుసటి ఏడు ఆమె కన్నకొడుకు ఆధమ్ ఖాన్ హత్య చేస్తే, అక్బర్ అతన్ని ఆగ్రాలో మేడ మీంచి తోయించాడు. ప్రాణం పోలేదని మళ్లీ తోయించాడు. నలభై రోజులకు ఆమె కూడా పోయింది. పరాయి బిడ్డను పెంచిన తల్లికి ఇదే జరగాలని మీ మనసులో ఎక్కడో ఉంది. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. మూడేళ్ల పిల్లకు అప్పులంటే ఏం తెలుసు, అమ్మ లేదని తప్ప!

కానీ అక్బర్‌కు పాలిచ్చిన మరో దాది జీజీ అంగా గురించి ఒక్క ముక్క రాయలేదేం? ఆధమ్ ఖాన్ చంపింది ఆమె భర్త షంసుద్దీన్‌నే. 1540లో కనౌజ్ దగ్గర ఓడిపోయి గంగ దాటుతున్న హుమాయూన్‌ను మునిగిపోకుండా ఒడ్డుకు చేర్చింది ఆయనే. దానికి బహుమానంగా భార్యకు దాది పని దక్కింది. సాహసం భర్తది, ఇల్లు వదిలి రాజుగారి బిడ్డకు పాలిచ్చే వంతు భార్యది. ఆమెకు ఇష్టమేనా అని అడిగి ఉంటారని నేననుకోను. మీ ఇంట్లో మాత్రం అమ్మను ఎవరడిగారు? అప్పులు చేసిన నాన్న మీద మీ ఉత్తరంలో ఒక్క కోపం మాట లేదు. తీర్చిన అమ్మ మీదే అంతా.

జీజీ అంగా కొడుకు అజీజ్, అక్బర్ ఒకే తల్లి పాలు తాగారు. అజీజ్ పెద్దయ్యాక ఎన్నిసార్లు ఎదురుతిరిగినా అక్బర్ సహించాడు. మా మధ్య పాల నది ఉంది, దాన్ని దాటలేను అనేవాడట. ఆమె చనిపోతే పాడె మోసి, తలా మీసం తీయించుకున్నాడు. పెంచిన చేతిని ఒక బిడ్డ గుర్తుపెట్టుకోవడం అలా ఉంటుంది. ఆ ఫోన్ కూడా అలాంటిదే. అన్నేళ్ల చాకిరీకి జీతం కాకుండా మీ అమ్మకు దక్కింది ఆ ఒక్క పిలుపే కావచ్చు. అది మీ వాటాలోంచి తీసిచ్చింది కాదు.

ఈ ఆదివారం ఇంటికి వెళ్లండి. ఫోన్‌లో తేల్చుకోవద్దు, రెండు రాత్రులైనా ఉండండి. నాకు జ్వరమొస్తే నువ్వు లేవు అని నోరు తెరిచి చెప్పండి, దాచుకోకండి. ఏడిస్తే ఏడవనివ్వండి, క్షమాపణ మాత్రం అడిగించొద్దు. తర్వాత, ఆ ఇంట్లో మొదటి రాత్రి ఎలా నిద్రపోయావమ్మా అని అడగండి. ప్రాజెక్టు కోసం కాదు, మీకోసం. మాటల మధ్యలో ఆ అబ్బాయి ఫోన్ వస్తే, లేచి వెళ్లిపోకండి.