తిరిగి చెప్పించుకో, చిట్టీ

మెట్టుగూడ, ఆదివారం

చిట్టీ,

మొన్న ఫోన్‌లో నువ్వు ఏడ్చినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మీ నాన్న, అదే మా బావ, హైదరాబాద్‌లో దిగుతానన్నారు. నువ్వు సికింద్రాబాద్ స్టేషన్‌లో రెండు గంటలు నిలబడ్డావు. ఆయనేమో ఫోన్ చార్జింగ్ అయిపోయి, నాంపల్లిలో సంచులు పెట్టుకుని కూర్చున్నారు. ఆ టెన్షన్‌లో నువ్వు అరిచావు, బావ అలిగాడు.

మీ ఇద్దరిలో ఎవరి మాటా అబద్ధం కాదమ్మా. ఇక్కడ ఉండేవాళ్ళం ఊరంతటినీ హైదరాబాద్ అనేస్తాం. రైల్వే టికెట్ మీద హైదరాబాద్ అంటే నాంపల్లి ఒక్కటే. సికింద్రాబాద్ వేరు, కాచిగూడ వేరు. 2025 నుంచి చర్లపల్లి కొత్త టెర్మినల్ ఒకటి. 1907లో నాంపల్లి స్టేషన్ వచ్చినప్పటి నుంచి ఎంతమంది ఇలా ఒకరి కోసం ఒకరు వేరే వేరే చోట్ల ఎదురుచూశారో!

నేను ముప్పై నాలుగేళ్ళు స్టేషన్ మాస్టర్‌గా చేశాను కదా, ఆ ఉద్యోగం నేర్పిన ఒక్క పద్ధతి నీకు చెప్పాలని ఈ ఉత్తరం. డోర్నకల్ వైపు చిన్న స్టేషన్లలో ఉన్నప్పుడు, బండి వస్తోందంటే గేట్‌మన్‌కు ఫోన్ చేసేవాణ్ణి. ఫలానా నంబరు బండి, గేటు వెయ్యి అని. అతను "సరే సార్" అంటే సరిపోదు. బండి నంబరు నాకు తిరిగి చెప్పాలి. గేటు వేశాక, వేసినట్టు గుర్తుగా తన షీట్‌లోంచి ప్రైవేట్ నంబర్ అనే రెండంకెల సంఖ్య ఒకటి ఇవ్వాలి. "రెండు, మూడు, ఇరవై మూడు" అని విడివిడిగానూ కలిపీ చెప్పేవాడు. అది నేను రాసుకున్నాకే సిగ్నల్. ఒకసారి వాడిన నంబరు కొట్టేయాల్సిందే. అతను పదేళ్ళుగా నాతో పనిచేసే మనిషైనా అంతే. నమ్మకం లేక కాదు, మాట దారిలో మారిపోతుందని.

ఇదే పద్ధతి ఇంట్లో పాటిస్తే అవతలివాళ్ళకు అవమానంగా ఉంటుంది అంటావేమో. నిజమే, "ఏదీ, నేనేం చెప్పానో చెప్పు" అంటే ఎవరికైనా కోపం వస్తుంది. అందుకని ముందు నువ్వే తిరిగి చెప్పు. "నాన్నా, నేను సరిగ్గా విన్నానా? శనివారం పొద్దున, నాంపల్లి, ఎస్ ఫోర్ బోగీ, అంతేనా?" అను. తప్పుంటే ఆయనే దిద్దుతారు. నువ్వు నాలుగుసార్లు అలా అడిగితే ఐదోసారి వాళ్ళే అలా అడగడం మొదలుపెడతారు. వాట్సాప్‌లో నీలం టిక్కులు వచ్చాయని, బొటనవేలు బొమ్మ పెట్టారని ఊరుకోకు. చూశారని తెలుస్తుంది గానీ, అర్థమైందని తెలియదు.

బయట టైలరో, మెకానికో "పర్సోం" అంటే తారీఖు అడుగు. ఉర్దూలో అది మొన్నా కావచ్చు, ఎల్లుండీ కావచ్చు. మన హైదరాబాదీలకైతే మూడేళ్ళ కిందటిది కూడా పర్సోమే.

మీ అత్తగారు నిన్ను, మీ నాన్నను కూడా "నువ్వు" అంటున్నారని బాధపడ్డావు. వాళ్ళది మెదక్ వైపు, అక్కడి మాట అది. నన్నూ "ఎప్పుడొచ్చినవ్ అన్నా, బువ్వ తిన్నవా?" అంటుంది ఆవిడ. ఆ "అన్నా"లోని మర్యాద విను. మీ తెనాలి "మీరు" కోసం అక్కడ వెతక్కు.

ఇంకొక్క మాట. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది. డ్యూటీలో అంత జాగ్రత్తగా ఉన్న నేను ఇంట్లో లేను. ఒకరోజు నైట్ డ్యూటీకి బయల్దేరుతుంటే మీ అత్తయ్య కడుపు పట్టుకుని కూర్చుంది. ఏమైందంటే "ఏం లేదులే, మీరు వెళ్ళండి" అంది. వెళ్ళిపోయాను. తెల్లారేసరికి పక్క క్వార్టర్ వాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అపెండిక్స్ పగిలిపోయింది. పద్దెనిమిది రోజులు మంచం మీదే ఉంది. "సరే సార్" అన్న గేట్‌మన్‌ను వదలని వాణ్ణి, "ఏం లేదులే" అన్న భార్యను ఎలా వదిలేశానా అని ఇప్పటికీ అనుకుంటాను.

మన ఇళ్ళలో "ఏం లేదు", "నీ ఇష్టం", "చూద్దాం" అనే మాటలకు చాలాసార్లు వేరే అర్థం ఉంటుంది. అప్పుడు "ఏమైంది?" అని మళ్ళీ అడిగితే మళ్ళీ "ఏం లేదు" అనే వస్తుంది. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, నిద్ర పట్టిందా అని విడివిడిగా అడగాలి. అడిగి, చేతిలో ఫోన్ పక్కన పెట్టి, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. మీ ఆయన ఆఫీసు నుంచి వచ్చి మాట్లాడకుండా ఉన్నరోజు కూడా ఇలాగే చెయ్యి. వంట కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు.

వచ్చే శనివారం బావ మళ్ళీ వస్తున్నాడట, మీ అమ్మ చెప్పింది. ఈసారి టికెట్ సికింద్రాబాద్‌కేనట. అయినా నువ్వు ఫోన్ చేసి టికెట్ మీద ఉన్నది ఆయన చేతే చదివించు. ముందు మొన్నటి దానికి క్షమించమని అడుగు. నేనూ వస్తాను. ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం వైపు కాదు, బోయిగూడ వైపు, పదో నంబర్ ప్లాట్‌ఫాం గేటు బయట, పొద్దున ఆరింటికి. ఈ ఉత్తరం అందగానే ఫోన్ చేసి, నేను ఎక్కడ నిలబడతానన్నానో నాకు తిరిగి చెప్పు.

మీ మావయ్య