చౌకగా వచ్చిన స్పోర్ట్స్ కారు: టోకెన్ ఇచ్చాక ఎన్‌ఓసీ లేదంటున్నారు

ప్రశ్న: మాది హనుమకొండ. హైదరాబాద్‌లో పాత కార్లు అమ్మే ఒకాయన దగ్గర 2011 నాటి బీఎండబ్ల్యూ జడ్4, రెండు సీట్ల పెట్రోల్ కారు చూశాను. ఢిల్లీ రిజిస్ట్రేషన్. కొత్తలో 58 లక్షల ఇన్వాయిస్ ఉన్న బండి, 9 లక్షలకు ఇస్తానన్నాడు. ‘ఎన్‌ఓసీ రెడీగా ఉంది’ అని వాట్సాప్‌లో పెడితే నమ్మి 50 వేలు టోకెన్ ఇచ్చాను. ఇప్పుడేమో, ‘ఎన్‌ఓసీ తర్వాత తెప్పిస్తాం, ఢిల్లీ నంబరు మీదే తిప్పుకోండి, ఓనరు సంతకం చేసిన 29, 30 ఫారాలు ఇస్తాం’ అంటున్నాడు. ఆర్‌సీ గడువు ఇంకో నాలుగు నెలలే ఉంది. విదేశీ కార్లకు కస్టమ్స్ గొడవలుంటాయని మా బావ భయపెడుతున్నాడు. కొనొచ్చా? టోకెన్ వెనక్కి వస్తుందా?

జవాబు: మిగతా డబ్బు ఇవ్వకండి. కారు వద్దని చెప్పడం లేదు, కాగితాలు చేతికొచ్చేదాకా ఆగమంటున్నాను.

అంత చౌక ఎందుకో ముందు చూద్దాం. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాల మీద 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాయి. ఆ తర్వాత మార్పులు జరిగినా, గడువు దగ్గరపడిన బండిని వదిలించుకోవాలన్న తొందర అక్కడి ఓనర్లకు అలవాటైపోయింది. మీకు చూపించిన ధరలో ఆ తొందర కూడా ఉంది. అది మోసమేమీ కాదు. కానీ అక్కడ మిగిలిందనుకున్న డబ్బులో చాలా భాగం ఇక్కడ ఆర్‌టీఏ ఆఫీసులో కట్టాల్సి వస్తుంది.

ఎన్‌ఓసీ అంటే ఫారం 28, బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్‌టీఏ ఇచ్చే పత్రం. చాలామంది దీన్ని ఒక రబ్బరు స్టాంపులా చూస్తారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 48 ప్రకారం, అది ఇచ్చే ముందు అక్కడి రిజిస్ట్రేషన్ అధికారి ఆ బండి మీద దొంగతనం కేసు లేదని పోలీసుల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి, పన్ను బకాయిలు లేవని చూసుకోవాలి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఒప్పుకోవాలి. అంటే మీరు విడివిడిగా తిరిగి కనుక్కోవాల్సినవి ఆ ఒక్క కాగితంలో ఉంటాయి. ‘తర్వాత తెప్పిస్తాం’ అన్నప్పుడు ఈ మూడింటిలో ఏది ఆగిందని అడగండి. ఎక్కువసార్లు ఆగేది ఫైనాన్స్ దగ్గరే. ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి అప్పుకు తాకట్టులో ఉంది) అని ఉంటే బ్యాంకు లెటరు, ఆ తాకట్టు తీసేయడానికి ఫారం 35 కావాలి. ‘లోన్ ఎప్పుడో కట్టేశారండీ’ అన్న మాట చాలదు.

ఇక సంతకాలు చేసిన ఖాళీ 29, 30 ఫారాల సంగతి. ఇవి బండిని అమ్మినవారి పేరు నుంచి కొన్నవారి పేరుకు మార్చే కాగితాలు. ఇలాంటి ఫైలొకటి ఈమధ్యే నా టేబుల్ మీదకు వచ్చింది. ఫారం 29 మీద ఓనరు సంతకం నీలి ఇంకులో ఉంది, కొన్నవాడి పేరు దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ. ఆ కాగితం అప్పటికి ముగ్గురి చేతులు మారింది. సంతకం చేసిన ఓనరు అసలు ఎవరికి అమ్మాడో ఆయనకే తెలియదు. రేపు ఆర్‌టీఏలో సంతకం తేడా ఉందన్నా, ఆయన దేశం వదిలి వెళ్లినా, చనిపోయినా మీ బండి మీ పేరు మీదకు రావడం నరకమే. సెక్షన్ 50 ప్రకారం కొన్నవారు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఓనరుతో నేరుగా వీడియో కాల్‌లో మాట్లాడకుండా ఆ ఫారాలు తీసుకోకండి.

పేరు మారకుండా తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత ఎవరిది? నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు, బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని, పరిహారం బాధ్యత వాళ్లదేనని చెప్పింది. ‘అయితే టెన్షన్ అమ్మినాయనకే కదా’ అనుకోకండి. ఇన్సూరెన్స్‌లో మీ కారుకు జరిగిన నష్టం అనే భాగం పాలసీ మీ పేరు మీదకు మారితే తప్ప మీకు రాదు. సెక్షన్ 157 కింద పాలసీ దానంతటదే మారుతుందనేది ఎదుటివాళ్లకు జరిగే నష్టం వరకే. 1995లోనే సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. కొన్న 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. బంపరే లక్షల్లో ఉండే కారుకు ఇది చిన్న విషయం కాదు. ఆర్‌సీ గడువు దాటాక తిప్పితే చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ లేని బండే. 2021లో ఒక దొంగతనం కేసులో తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు అయిపోయిందని క్లెయిమ్ మొత్తం పోయింది.

‘ఢిల్లీ నంబరు మీదే తిప్పుకోండి’ అన్నది సగం నిజం. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని సెక్షన్ 47 చెబుతుంది. ఆ ఏడాది వెసులుబాటు, బండిని ఉన్నదున్నట్టు నడుపుకోవడానికే. పేరు మార్పుకు, పన్నుకు అది మినహాయింపు కాదు. పైగా మీకున్నది నాలుగు నెలలు.

ఇప్పుడు ఖర్చు. లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) మీరిచ్చే 9 లక్షల మీద కాదు, బండి అసలు ధర మీద లెక్క వేస్తారు. వయసును బట్టి శాతం తగ్గుతుంది, అంతే. 58 లక్షల మీద ఒక్క శాతమే 58 వేలు. మీ ఇన్వాయిస్ కాపీ పట్టుకెళ్లి ఆర్‌టీఏలో అంకె రాయించుకోండి. బ్రోకరు చెప్పే ‘సుమారు’ వద్దు. పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ రెన్యువల్‌కు మామూలు కారుకు 5,000 అయితే, దిగుమతి కారుకు 2022 ఏప్రిల్ నుంచి ఫీజు 40,000. ఇరవై ఏళ్లు దాటితే 80,000 చేశారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు కాకుండా, ఇవన్నీ కలిపే ధర మాట్లాడండి.

మీ బావగారి భయం పూర్తిగా తప్పు కాదు. ఆ మోడల్ కారును కంపెనీయే దిగుమతి చేసి ఇక్కడ షోరూముల్లో అమ్మింది కాబట్టి, మొదటి ఇన్వాయిస్ కంపెనీ డీలరుది అయితే నిశ్చింత. వ్యక్తిగతంగా తెచ్చుకున్న కారైతే మాత్రం కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి చేసినప్పుడు కస్టమ్స్‌కు ఇచ్చిన పత్రం) చూపించమనండి. 2002లో దిగుమతైన ఒక పోర్షె కరెరా విషయంలో, తర్వాత కొన్నాయన దిగుమతిదారు కాదని, సుంకం తేడా ఆయన కట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. వినడానికి బాగుంది. తేదీలు చూడండి: రెండు దశాబ్దాలు. పైగా అది సుంకం బాకీ గురించిన తీర్పు. కారును స్వాధీనం చేసుకునే అధికారం కస్టమ్స్ వాళ్లకు అలాగే ఉంది, బండి ఎవరి చేతిలో ఉన్నా. 2025లో కేరళలో జరిగిన దాడుల్లో పట్టుకున్న కార్లను చూశారుగా.

ఆ పోర్షె కేసులో చాసిస్ నంబరు మీద కూడా ఆరోపణ వచ్చింది. మీరూ ఆ నంబరును ఫోన్‌తో ఫొటో తీసుకోవడమే కాదు, ఆర్‌టీఏలో చేసినట్టే దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. తర్వాత కొట్టిన అంకె ఉంటే లోతు తేడా కాగితం మీద తేలుతుంది. దాన్ని ఆర్‌సీతో, ఇన్వాయిస్‌తో, రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో కనిపించే అంకెలతో పోల్చి చూడండి. పెద్ద శబ్దం వచ్చే సైలెన్సర్ బిగించి ఉంటే పాతది కూడా ఇమ్మనండి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారిస్తే సెక్షన్ 52 ఒప్పుకోదు. జరిమానా మీ నెత్తిన పడుతుంది.

టోకెన్ విషయానికొస్తే, మీ బలమంతా ఆ వాట్సాప్ మెసేజే. ఎన్‌ఓసీ రెడీగా ఉందని చెప్పి డబ్బు తీసుకున్నాడు, అది అబద్ధం. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 కింద మీరు ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. ‘టోకెన్ నాన్ రిఫండబుల్’ అని రసీదు మీద అచ్చు వేసినా అబద్ధానికి అది రక్షణ కాదు. ఆయన వ్యాపారి కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, అదీ మీ జిల్లాలోనే. రెండేళ్లు గడువు, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. అదే మీరు ఓనరు దగ్గర నేరుగా కొని ఉంటే ఈ దారి ఉండేది కాదు. సివిల్ కోర్టే గతి.

ఇంకో మాట. 2023 ఏప్రిల్ నుంచి పాత వాహనాల డీలర్లకు ఆర్‌టీఏ ధ్రువపత్రం తప్పనిసరి. ఓనరు బండిని అప్పగించినట్టు ఫారం 29సీ కూడా రవాణా శాఖ పోర్టల్‌లో పెట్టాలి. ఈ రెండూ చూపించమని అడగండి. చాలామంది దగ్గర ఉండవు. లేదని తెలిస్తే డీలరుకు పంపే నోటీసులో ఆ లైను ఒక్కటి చేర్చండి, టోకెన్ గురించి మాట్లాడే గొంతు మారుతుంది.

ఇవాళే ఆ వాట్సాప్ చాట్‌ను తేదీతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి మీ ఈమెయిల్‌కు పంపుకోండి. తర్వాత ఆయనకు రాయండి: ‘పదిహేను రోజుల్లో ఫారం 28 ఇస్తే మిగతా డబ్బు ఇస్తాను, లేదంటే 50 వేలు తిరిగి ఇవ్వండి’ అని. నెంబరు ప్లేటు మార్చిన బండి పక్కన ఫొటో తీయించుకోవడం అప్పటిదాకా వాయిదా వేయండి.